ఆసుపత్రిలో అంటిన జబ్బు, ఆసుపత్రి చెప్పిన లెక్క

2020వ సంవత్సరము మొదలుకొని 2022వ సంవత్సరము వరకు మన ఇండ్లలో దినమున కొక్కమారైనను వినవచ్చిన వార్త యొకటి కలదు. నేడు ఇంతమందికి కరోనా సోకినది, ఇంతమంది ఆసుపత్రులలో నున్నారు, ఇంతమంది కోలుకొని ఇండ్లకు మరలినారు, ఇంతమంది మరణించినారు అని ఆ వార్త సాగెడిది. కాట్రేనికోనలో కొబ్బరితోటల వారును, పల్లములో వలలు వేయువారును, ముమ్మిడివరములో దుకాణములు నడపువారును ఆ అంకెలను విని, పెరిగినచో దిగులుపడిరి, తగ్గినచో ధైర్యము తెచ్చుకొనిరి. ఆ అంకెలను బట్టియే బడులు మూసిరి, తెరచిరి. పెండ్లిండ్లు వాయిదా వేసికొనిరి. తీర్థములు మానుకొనిరి.

ఆ అంకెలన్నింటిలో ఆసుపత్రిలో చేరినవారి సంఖ్య మిక్కిలి నమ్మదగినదని పలువురు తలంచిరి. వారి వాదము ఇట్లుండెను. పరీక్షలు ఎక్కువగా చేసినచో కేసులు ఎక్కువగా కనబడును, తక్కువగా చేసినచో తక్కువగా కనబడును. కాని మంచముపై పడుకొన్న మనిషిని ఎవరును కల్పింపలేరు, దాచలేరు. కావున ఊరిలో వ్యాధి యెంత తీవ్రముగా నున్నదో తెలియవలెనన్న ఆసుపత్రి మంచములను లెక్కించిన చాలును.

ఈ వాదములో నిజము కొంత యున్నది. కాని మంచముపై మనిషి యున్నాడన్నంత మాత్రమున, అతడు ఆ మంచ మేల యెక్కినాడో తెలియదు. కరోనా ముదిరి ఊపిరాడక వచ్చినాడా? మరియొక జబ్బుతో వచ్చి పరీక్ష చేయించుకొనగా కరోనా బయటపడినదా? లేక కరోనా లేకుండ వచ్చి, ఆసుపత్రిలోనే అంటించుకొన్నాడా? ఈ మువ్వురును మూడు తెగలవారు. వీరిని ఒకే అంకెలో కలిపినచో ఆ అంకె ఊరి సంగతిని సరిగా చెప్పదు, ఆసుపత్రి సంగతిని అసలే చెప్పదు. ఈ వ్యాసమున విచారింపదలచినది ఈ మూడవ తెగవారిని గురించియే.

ఒక ఉదాహరణ

కాట్రేనికోన మండలములో ఒక దింపు కార్మికుడు కొబ్బరిచెట్టుపై నుండి జారిపడి తొడ యెముక విరుగగొట్టుకొన్నాడనుకొందము. అతనిని ముమ్మిడివరము మీదుగా అమలాపురము తీసికొనిపోవుదురు. అక్కడ కాదన్నచో యెదుర్లంక వంతెన దాటి, యానాము మీదుగా కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చుదురు. శస్త్రచికిత్సకు ముందు కరోనా పరీక్ష చేయుదురు. లేదని వచ్చును. శస్త్రచికిత్స జరుగును. పదియవ దినమున అతనికి జ్వరమును దగ్గును వచ్చును. మరల పరీక్ష చేయగా కరోనా ఉన్నదని తేలును.

ఆ దినపు లెక్కలో ఇతడెక్కడ చేరును? కరోనా రోగులున్న మంచముల సంఖ్యలో ఒకటి పెరుగును. కాట్రేనికోన పేరున ఒక కేసు పెరుగును. వార్త విన్న గ్రామస్థులు తమ వీధిలో వ్యాధి ప్రవేశించినదని తలంతురు. నిజమునకు ఆ వీధిలో వ్యాధి లేదు. అది ఆసుపత్రి వార్డులో నున్నది. ఊరిలో లేని వ్యాధి ఊరి ఖాతాలో పడినది, వార్డులో నున్న వ్యాధి ఏ ఖాతాలోను పడలేదు. ఒక్క తప్పునకు రెండు నష్టములు కలిగినవి.

దీనికి తోడు రోగి వెంట నుండిన మనిషి సంగతి ఆలోచింపుడు. మన ఆసుపత్రులలో రోగి యొక్కడే యుండడు. భార్యయో, తమ్ముడో మంచము ప్రక్కనే చాప పరచుకొని, గంజి త్రాగించుచు, ఒళ్లు తుడుచుచు రాత్రింబవళ్లు గడపుదురు. వారికి అచ్చట వ్యాధి అంటినచో అది ఇంటికి పోయిన తరువాత బయటపడును. వారి పేర్లు ఆసుపత్రి పుస్తకములో లేవు. కావున వారి జబ్బు ఆసుపత్రిలో అంటినదన్న మాట ఏ పట్టికలోను వ్రాయబడదు.

పాత జబ్బే, పాత లెక్కయే

ఆసుపత్రిలో జబ్బు అంటుట కరోనాతో పుట్టిన వింత కాదు. వియన్నా నగరములోని పెద్దాసుపత్రిలో ప్రసవములకు రెండు విభాగములుండెను. మొదటిదానిలో వైద్యులును వైద్యవిద్యార్థులును, రెండవదానిలో మంత్రసానులును పనిచేసెడివారు. గర్భిణి ఏ దినమున వచ్చినదో దానిని బట్టి ఆమెను ఈ విభాగముననో ఆ విభాగముననో చేర్చుకొనెడివారు. 1841 నుండి 1846 వరకు మొదటి విభాగములో నూటికి సుమారు 10 మంది, రెండవదానిలో నూటికి సుమారు 4 గురు తల్లులు మరణించిరి. ఒకే నగరము, ఒకే తరగతి స్త్రీలు. భేదమెల్ల చేరిన దినములోనే యున్నది.

ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అను వైద్యుడు ఈ భేదమును పట్టుకొని పరిశోధించెను. ఆసుపత్రికి వచ్చు దారిలోనే, వీధిలో ప్రసవించి, పిదప చేర్చుకొనబడిన స్త్రీలకు ఈ సూతికాజ్వరము అరుదుగా వచ్చుట అతడు గమనించెను. వారు పుస్తకములో ఆసుపత్రి రోగులే, కాని ప్రసవ సమయమున వైద్యుల చేయి వారికి తగులలేదు. శవపరీక్షలు చేసిన చేతులతోనే వైద్యులు ప్రసూతి గదిలోనికి వచ్చుచున్నారనియు, ఆ చేతుల మీదుగానే మృత్యువు వచ్చుచున్నదనియు అతడు గ్రహించెను. 1847 మే నడిమి నుండి క్లోరిన్ కలిపిన నీటితో చేతులు కడుగుకొనుట తప్పనిసరి చేసెను. ఆ సంవత్సరము ఏప్రిలులో నూటికి 18 మందికి పైగా మరణించిన ఆ విభాగములో, జూనులో నూటికి 2.2, జూలైలో 1.2 వంతున మాత్రమే మరణించిరి.

ఇందులో మన విషయమునకు సంబంధించిన మరియొక అంశము గలదు. జబ్బు ముదిరిన బాలింతలను మొదటి విభాగము నుండి పెద్దాసుపత్రిలోని ఇతర వార్డులకు మార్చెడివారు. అక్కడ వారు మరణించినచో ఆ మరణము ప్రసూతి విభాగపు లెక్కలోనికి రాకుండెడిది. అందువలన ప్రకటించిన సంఖ్య నిజమైన సంఖ్యకంటె తక్కువగా నుండెనని సెమ్మెల్వైస్ స్వయముగా పేర్కొనెను. రోగిని మార్చినచో మరణము కూడ మారును. ఒక ఆసుపత్రి నుండి మరియొక ఆసుపత్రికి, ఒక జిల్లా నుండి మరియొక జిల్లాకు రోగిని పంపునపుడు నేటికిని ఈ చిక్కు ఉండనే యున్నది. మనకైతే గౌతమి దాటగానే యానాము వచ్చును, అది పుదుచ్చేరి పాలనలోనిది. ఏ ఒడ్డున ఏ రోగిని ఎవరి లెక్కలో వ్రాయవలెనన్నది ముందే తేల్చుకొననిచో రెండు లెక్కలును చెడును.

లెక్క చెడుటకు మంచి ఉదాహరణము ఇంగ్లండు నుండి దొరకుచున్నది. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1863లో ఆసుపత్రులను గురించి ప్రకటించిన గ్రంథములో, గణాంకవేత్త విలియం ఫార్ కూర్చిన ఒక పట్టిక నిచ్చెను. లండనులోని 24 ఆసుపత్రులలో 1861లో మరణముల రేటు నూటికి 90.84 అని అందున్నది. చదివినవారు నిర్ఘాంతపోయిరి. నూరుగురు పోయిన తొంబదిమంది తిరిగిరారా? అసలు సంగతి వేరు. ఏడాది పొడవునను సంభవించిన 3,828 మరణములను, ఏప్రిలు 8వ తేదీ యను ఒక్క దినమున ఆ ఆసుపత్రులలో నున్న 4,214 మంది రోగులతో భాగించిరి. ఏడాదిలో చేరినవారందరితో భాగింపవలెనని ఆనాటి వైద్యులు తీవ్రముగా వాదించిరి. ఆసుపత్రులలో రోగులను క్రిక్కిరియ నుంచుట ప్రమాదమని నైటింగేల్ చెప్పిన మాట సత్యమే. కాని సత్యమైన మాటకు కూడ తప్పు భాగహారము చేటు తెచ్చును. వ్యాధిని గూర్చిన ప్రతి లెక్కలోను పైన ఏ సంఖ్య నుంచినారు, క్రింద ఏ సంఖ్య నుంచినారు అని అడుగుట అందువలననే అవసరమగుచున్నది.

మన దేశములో

మన చుట్టుప్రక్కల జరిగినవానిని చూతము. 2001లో పశ్చిమ బెంగాలులోని సిలిగురిలో నీపా వ్యాధి వచ్చినపుడు 66 మందికి సోకినట్లు గుర్తించిరి. వారిలో నాలుగింట మూడువంతుల మంది ఆసుపత్రి సిబ్బందియో, ఆసుపత్రికి పోయి వచ్చినవారో. 2018లో కేరళలోని కోళిక్కోడు ప్రాంతమున అదే వ్యాధి వచ్చినపుడును మొదటి రోగి నుండి తక్కినవారికి పాకినది ప్రధానముగా ఆసుపత్రులలోనే. పేరాంబ్ర తాలూకా ఆసుపత్రిలో అతనికి సేవచేసిన నర్సు లినీ ఆ వ్యాధికి బలియైనది. 2003లో సార్స్ వ్యాధి ప్రపంచమున 8,096 మందికి సోకగా వారిలో 1,706 మంది వైద్యసేవలో నున్నవారే.

కరోనా తొలి దినములలోను ఇదే జరిగినది. 2020 ఏప్రిలులో ముంబయిలోని వోక్‌హార్ట్ ఆసుపత్రిలో 26 మంది నర్సులకు, ముగ్గురు వైద్యులకు వ్యాధి సోకగా ఆ ఆసుపత్రినే కట్టడి ప్రాంతముగా ప్రకటించిరి. ఆ మాసముననే మన అనంతపురము ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక రోగికి చికిత్స చేసిన వైద్యులకును నర్సులకును వ్యాధి అంటినది. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో చికిత్స పొందిన ఒక పసిబిడ్డకు కరోనా ఉన్నట్లు తేలగా, సిబ్బందిని పెద్ద సంఖ్యలో క్వారంటైనులో నుంచవలసివచ్చెను. వీరెవ్వరును నిర్లక్ష్యమునకు శిక్ష అనుభవించినవారు కారు. వ్యాధి పైకి కనబడక మునుపే అంటుననుటకు వీరు తార్కాణము.

కరోనాయే గాక, కరోనాకు చికిత్స పొందుచు మరియొక సూక్ష్మజీవి బారిన పడినవారును కలరు. 2020 జూను నుండి ఆగస్టు వరకు మన దేశములోని పది ఆసుపత్రులలో చేరిన 17,534 మంది కరోనా రోగులను భారత వైద్య పరిశోధనా మండలి వారు పరిశీలించిరి. వారిలో నూటికి 3.6 మందికి బాక్టీరియా వలననో బూజు జాతి జీవుల వలననో రెండవ జబ్బు వచ్చినది. సంఖ్య చిన్నదే. కాని మొత్తము రోగులలో నూటికి 10.6 మంది మరణింపగా, ఈ రెండవ జబ్బు వచ్చినవారిలో నూటికి 56.7 మంది మరణించిరి. మరణపత్రమున కరోనా యనియే వ్రాసినను, ప్రాణము తీసినది గొట్టము ద్వారానో, సూది ద్వారానో ప్రవేశించిన సూక్ష్మజీవి కావచ్చును. ఆసుపత్రి లెక్కలో దీనికి వేరొక గడి లేనిచో ఎవ్వరును దీనిని సరిదిద్దుటకు పూనుకొనరు.

మామూలు కాలములోను ఈ బెడద తక్కువది కాదు. ఆసుపత్రిలో చేరిన ప్రతి నూరుమందిలో సంపన్న దేశములలో 7 గురికి, మన వంటి దేశములలో 15 మందికి ఒక్కటైనను ఆసుపత్రి జబ్బు వచ్చుచున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించెను. చేతుల శుభ్రత మొదలగు సామాన్యమైన జాగ్రత్తలతో వీనిలో నూటికి 70 వరకు నివారింపవచ్చునని కూడ ఆ సంస్థ చెప్పినది.

రోజులు లెక్కించుట ఎట్లు?

ఒక రోగికి వ్యాధి ఇంటివద్ద అంటినదో, వార్డులో అంటినదో ఎట్లు తెలియును? సూక్ష్మజీవి తన పుట్టినచోటు చెప్పదు. కావున వైద్యులు రోజులు లెక్కించుచున్నారు. కరోనా శరీరములో ప్రవేశించిన తరువాత లక్షణములు బయటపడుటకు సామాన్యముగా అయిదారు దినములు పట్టును, అరుదుగా పదునాలుగు దినముల వరకు పట్టును. దీనిని పొదిగే కాలమందురు.

ఇంగ్లండులో దీనిని బట్టి ఒక నియమము నేర్పరచిరి. చేరిన మొదటి రెండు దినములలో తీసిన నమూనాలో వ్యాధి కనబడినచో అది బయట అంటినది. మూడవ దినము నుండి ఏడవ దినము వరకైనచో నిర్ణయింపరానిది. ఎనిమిదవ దినము నుండి పదునాలుగవ దినము వరకైనచో ఆసుపత్రిలో అంటియుండవచ్చును. పదునైదవ దినమున గాని, ఆ తరువాత గాని అయినచో తప్పక ఆసుపత్రిలో అంటినదే. మన దింపు కార్మికుని పదియవ దినపు జ్వరము ఈ నియమము ప్రకారము మూడవ తరగతిలోనికి వచ్చును.

ఈ నియమము సులభమైనదే గాని సంపూర్ణమైనది కాదు. మొదటి లోపము పరీక్షలోనిది. వ్యాధి అంటిన తొలి దినములలో ముక్కులో నుండి తీసిన నమూనా దానిని చాలమారులు పట్టలేదు. అంటిన నాలుగవ దినమున పరీక్షించినను నూటికి 67 మారులు లేదనియే వచ్చుననియు, ఎనిమిదవ దినమున సయితము నూటికి 20 మారులు తప్పిపోవుననియు 2020లో ప్రకటింపబడిన ఒక పరిశీలన తెల్పినది. చేరినపుడు లేదని వచ్చిన చీటీ అందువలన పూర్తి సాక్ష్యము కాదు. ఇంటివద్ద అంటిన వ్యాధిని ఆసుపత్రి నెత్తిన రుద్దుటకు ఇందువలన అవకాశమున్నది.

రెండవ లోపము దీనికి ఎదురుగా నడచును. మన దేశమున చాలమంది రోగులు మూడు నాలుగు దినములలోనే ఇంటికి పోవుదురు. వార్డులో రెండవ దినమున అంటిన వ్యాధి ఏడవ దినమున కాట్రేనికోనలోనో, బలుసుతిప్పలోనో బయటపడును. నియమము ప్రకారమది ఊరి కేసు. ఆసుపత్రి ఎంత త్వరగా రోగిని పంపివేయునో దాని లెక్క అంత పరిశుభ్రముగా కనబడును. కావున ఆసుపత్రి జబ్బులు తక్కువని చూపు పట్టికను చూచినపుడు, రోగులచ్చట సగటున ఎన్ని దినములున్నారో కూడ అడుగవలెను.

ఈ లోపములను లెక్కలోనికి తీసికొని చేసిన పరిశోధనలున్నవి. బ్రిటనులోని 314 ఆసుపత్రులలో 2020 ఆగస్టునకు ముందు చేరిన కరోనా రోగులలో నూటికి 11.3 మందికైనను ఆసుపత్రిలో చేరిన తరువాతనే వ్యాధి అంటినదనియు, ఆ సంవత్సరము మే నడిమికి ఆ పాలు నూటికి 15.8కి పెరిగినదనియు లాన్సెట్ పత్రికలో 2021లో ప్రకటించిరి. 2020 జూను మొదలు 2021 మార్చి వరకు ఇంగ్లండు ఆసుపత్రులలో 95 వేల నుండి 1 లక్షా 67 వేల మంది రోగులకు అచ్చటనే వ్యాధి అంటియుండునని 2023లో నేచర్ పత్రికలో మరియొక అంచనా వచ్చినది.

ఇచ్చట ముఖ్యమైన అంశమొకటి గలదు. ఇంగ్లండులో ప్రతిదినము ప్రకటించిన చేరికల సంఖ్యలో, వ్యాధితో క్రొత్తగా వచ్చినవారితో పాటు, అదివరకే మంచముపైనుండి ఆ దినమున వ్యాధి యున్నట్లు తేలినవారిని కూడ కలిపిరి. మూడు వారముల క్రితము చేరిన వృద్ధురాలికి నేడు కరోనా తేలినచో, ఆమె నేడు చేరినట్లే లెక్క. అంకె పెరిగినదని విన్న ప్రజలు ఊరిలో వ్యాధి పెరిగినదనుకొనిరి. పెరిగినది వార్డులో కావచ్చును. లెక్క వ్రాసినవారు అబద్ధ మాడలేదు, నిర్వచనము పట్టిక అడుగున వ్రాసియే యున్నది. కాని పట్టిక అడుగును ఎందరు చదువుదురు?

2022 జనవరిలో ఒమిక్రాన్ రకము వ్యాపించినపుడు అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రము తన రోగులను వేరుచేసి చూపసాగెను. ఊపిరితిత్తుల బాధ తీవ్రమైనపుడిచ్చు డెక్సామెథసోన్ మందు పొందినవారిని కరోనా కొరకు చేరినవారుగా ఎంచగా, వారు మొత్తములో సుమారు సగముమందియే. తక్కిన సగము వేరొక పనిమీద వచ్చినవారు.

నియమము మారిన అంకె మారును

మన దేశములో పరీక్షల నియమములు కాలానుగుణముగా మారినవి. 2020 మేలో వెలువడిన నియమములలో ఆసుపత్రిలో నుండగా జ్వరము, దగ్గు వచ్చిన రోగులను పరీక్షింపవలెనని చేర్చిరి. ఆ సెప్టెంబరులో, లక్షణములు లేకున్నను శస్త్రచికిత్సకు వచ్చినవారిని, ప్రసవమునకు చేరిన గర్భిణులను కూడ పరీక్షింపవచ్చుననిరి. 2022 జనవరిలో లక్షణములు లేని అట్టివారిని అవసరమున్నతప్ప పరీక్షింప నక్కరలేదనిరి. ప్రతి నియమమునకును ఆ సమయమున తగిన కారణమున్నది. కాని నియమము మారిన మరునాడు ఆసుపత్రిలో కరోనా రోగుల సంఖ్య మారినచో, మారినది వ్యాధి కాదు, వల కన్నుల వెడల్పు. సన్న కన్నుల వలకు చిన్న చేపలు కూడ పడును. పెద్ద కన్నుల వలలో అవి జారిపోవును. అంతమాత్రమున ఏటిలో చేపలు తగ్గినవని పల్లము జాలరి ఎవ్వడును అనడు.

2021 మే మాసమున రెండవ ఉప్పెన మన రాష్ట్రమును ముంచెత్తినపుడు ఇంకొక మార్పు వచ్చెను. మే 16వ తేదీన ఆంధ్రప్రదేశములో ఒక్కనాడే 24,171 కేసులు నమోదయినవి. ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా మొత్తము కేసులలో రాష్ట్రమున ముందున్నది. అంతకు ముందు, మే 8వ తేదీన, కరోనా ఆసుపత్రిలో చేర్చుకొనుటకు పరీక్ష చీటీ తప్పనిసరి కాదని కేంద్ర ఆరోగ్య శాఖ ఆదేశించెను. చీటీ కొరకు వేచియుండి ప్రాణములు పోవుచున్న కాలములో అది దయగల ఆదేశము. అట్టివారిని అనుమానిత రోగుల వార్డులో నుంచవలెననియు చెప్పిరి.

అయినను ఆ అనుమానితుల వార్డు సంగతి చూడుడు. అందులో నిజముగా కరోనా ఉన్నవాడును, మామూలు నిమ్ముతో వచ్చినవాడును ప్రక్కప్రక్కన పడుకొందురు. రెండవవానికి ఆ రాత్రి కరోనా అంటవచ్చును. మూడవనాడు పరీక్ష వచ్చి ఉన్నదని తేలినచో, అతడు మొదటినుండియు కరోనా రోగియే యని అందరును తలంతురు. అనుమానితులను, నిర్ధారితులను ఎట్టి పరిస్థితిలోను కలుపరాదని 2020 ఏప్రిలులోనే కేంద్రము చెప్పియుండెను. అనుమానితులను ఒకరినుండి మరియొకరిని వేరుచేయుట మాత్రము మంచములు చాలని దినములలో ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

మంచములు చాలకపోవుట లెక్కను మరియొక విధముగా కూడ చెరచును. మంచములన్నియు నిండినపిమ్మట చేరికలు పెరుగుట ఆగిపోవును. బయట వ్యాధి పెరుగుచునే యుండును. అప్పుడా అంకె వ్యాధిని కొలచుట మాని మంచములను కొలచును. చేర్చుకొనువారు లేక ఇంటిలో మరణించినవారు ఆ అంకెలోనికి రారు. వారు జననమరణముల నమోదులో మాత్రము కనబడుదురు. దేశమున 2020లో 81 లక్షల చిల్లర మరణములు నమోదుకాగా, 2021లో 1 కోటి 2 లక్షలు నమోదైనవి. ఆసుపత్రి పుస్తకమునకు ఆవల జరిగినదానికి ఈ నమోదు ఒక సాక్షి.

ఇంకొక జాగ్రత్తయు కలదు. 2020 ఏప్రిలులో మన రాష్ట్రమున కరోనా చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చుట పేదలకు గొప్ప మేలు. కాని చికిత్స సొమ్ము జబ్బు పేరుతో ముడివడిన ప్రతిచోటను, ఏ పేరు ఎందుకు వ్రాసినారో తరచి చూచు యంత్రాంగము ఉండవలెను. ఇది అనుమానము కాదు, పద్దులు వ్రాయుటలో మామూలు మర్యాద.

అయితే ఆ అంకె వ్యర్థమా?

వ్యర్థము కానేకాదు. ప్రశ్నను బట్టి అంకె నెన్నుకొనవలెను. ఆసుపత్రికి ఎంత ప్రాణవాయువు, ఎన్ని వేరు గదులు కావలెనన్న ప్రశ్నకు రోగులందరి సంఖ్య కావలెను. వ్యాధి ఇంట అంటినను, వార్డులో అంటినను రోగిని వేరుగా నుంచక తప్పదు కదా. ఊరిలో వ్యాధి పెరుగుచున్నదా, బడి మూయవలెనా అన్న ప్రశ్నకు మొదటి తెగవారి సంఖ్య, అనగా కరోనా కొరకే బయటి నుండి వచ్చినవారి సంఖ్య కావలెను. ఆసుపత్రి తన గడప లోపల శుభ్రముగా నున్నదా అన్న ప్రశ్నకు మూడవ తెగవారి సంఖ్యయే కావలెను. మూడు ప్రశ్నలకు ఒకే అంకెతో జవాబు చెప్పుటయే తప్పు.

దీనికి పెద్ద యంత్రములు అక్కరలేదు. ప్రతి కేసు షీటులో మూడు తేదీలుండిన చాలును. రోగి చేరిన తేదీ, మొదటి లక్షణము కనబడిన తేదీ, వ్యాధి తేల్చిన నమూనా తీసిన తేదీ. వీనితోపాటు ఏ జబ్బుకొరకు చేరినాడన్నది ఒక్క మాట. ఇంటికి పంపిన రెండు వారములకు ఆరోగ్య కార్యకర్త ద్వారా, రోగికిని వెంట నుండినవారికిని జ్వరము వచ్చినదా యని కనుగొన్నచో పైన చెప్పిన రెండవ లోపము కూడ చాలవరకు తీరును. ఆశా కార్యకర్తలు ప్రతి గ్రామమున నున్న మన రాష్ట్రములో ఇది అసాధ్యమైన పని కాదు.

లెక్క బయటపెట్టిన ఆసుపత్రిని నిందించుట మాత్రము మనము మానుకొనవలెను. మా వార్డులో పదిమందికి అంటినదని చెప్పిన ఆసుపత్రికి చెడ్డపేరును, ఏమియు చెప్పని ఆసుపత్రికి మంచిపేరును వచ్చినచో, రేపటినుండి ఎవ్వరును చెప్పరు. సెమ్మెల్వైస్ చేతులు కడుగుకొనుడని చెప్పినపుడు ఎందరో వైద్యులు దానిని తమకు జరిగిన అవమానముగా భావించిరి. ఆ అభిమానమునకు వెల చెల్లించినవారు బాలింతలు.

మన వంతు

ఈ విషయములు విని ఆసుపత్రికి పోవుటయే ప్రమాదమని ఎవ్వరును తలంపరాదు. గుండెనొప్పి వచ్చినవారు, కాన్పు కష్టమైనవారు, డయాలిసిస్ చేయించుకొనువారు భయపడి ఇంట నుండిపోయినచో కలుగు నష్టము ఆసుపత్రి జబ్బు కంటె ఎన్నోరెట్లు ఎక్కువ. పోవలసినపుడు పోవలెను, జాగ్రత్తతో పోవలెను.

రోగి వెంట ఒక్కరే యుండవలెను. వారు కూడ దగ్గు, జ్వరము లేనివారై యుండవలెను. పలకరింపులకు బంధువులు గుంపుగా పోవుట ప్రేమయే గాని, ఆ ప్రేమ వార్డులో నున్న ఇతర రోగులకు చేటు తెచ్చును. రోగిని తాకుటకు ముందును తరువాతను సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. వైద్యుడు గాని, నర్సు గాని చేతులు శుభ్రపరచుకొనిరా యని మర్యాదగా అడుగుటలో తప్పు లేదు. వీలైనచోట కిటికీలు తెరచియుంచవలెను. చేతికి పెట్టిన సూది, మూత్రమునకు పెట్టిన గొట్టము ఇంకను అవసరమా యని ప్రతిదినము అడుగవలెను. అవసరము తీరిన గొట్టము సూక్ష్మజీవికి దారి.

జ్వరము మొదలైన తేదీని ఒక కాగితముపై వ్రాసియుంచుడు. ఇంటికి వచ్చిన రెండు వారములలో రోగికి గాని, వెంట నుండినవారికి గాని జ్వరము వచ్చినచో ఆసుపత్రి ఇచ్చిన చీటీతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి, ఏ ఆసుపత్రిలో ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు ఉన్నామో చెప్పుడు. ఆ ఒక్క మాటతో ఒక కేసు ఊరి ఖాతా నుండి తన నిజమైన ఖాతాలోనికి మారును. ఆ వార్డులో అప్పటికింకను పడుకొనియున్న మరియొక రోగిని అది కాపాడవచ్చును.

మరల ఏదైన మహమ్మారి వచ్చినపుడు, ఆసుపత్రిలో ఇంతమంది చేరినారని వార్త వినవచ్చును. వినిన వెంటనే భయపడక, నిర్లక్ష్యము చేయక, మూడు ప్రశ్నలు వేయుదము. వీరిలో ఆ వ్యాధి కొరకే వచ్చినవారెందరు? వేరొక పనిమీద వచ్చి వ్యాధి తేలినవారెందరు? అచ్చటనే అంటించుకొన్నవారెందరు? ప్రజలు అడుగుచున్నారని తెలిసినచో ప్రకటించువారు కూడ వేరుచేసి చెప్పుట నేర్చుకొందురు.